ఆగడం నేర్పే ఆటపాటలు: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో ఇంట్లో ఎలా ఆడాలి

"కాస్త ఆగు" అని పిల్లలతో రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కే ఉండదు. అన్నం చల్లారేదాకా ఆగు, అన్నయ్య ఉయ్యాల దిగేదాకా ఆగు, నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగు. మూడేళ్ల పిల్లకు ఈ మాటల్లో అర్థమయ్యేది ఒక్కటే: ఇప్పుడు లేదు. ఎంతసేపు లేదో, ఆ కాసేపూ తను ఏం చేయాలో, చివరికి నిజంగా దొరుకుతుందో లేదో ఆ మాట చెప్పదు. గడియారం చూడటం రాని వయసు కదా, అయిదు నిమిషాలన్నా అరగంటన్నా వాళ్లకు ఒకటే.

పాటలో ఈ మూడింటికీ జవాబు ఉంది. బాగా తెలిసిన పాట ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో పిల్లకు తెలుసు. పాడుతున్నంతసేపూ చప్పట్లో అడుగులో ఏదో ఒక పని ఉంటుంది. పాట అయిపోగానే తన వంతు వస్తుంది. అందుకే ఓపిక గురించి ఎంత చెప్పినా రానిది, రోజూ పది నిమిషాల ఆటపాటతో వస్తుందని చిన్నపిల్లలకు సంగీతం చెప్పే మనిషిగా నేను గట్టిగా నమ్ముతాను. ఆ పది నిమిషాలు ఎలా నడపాలో వరుసగా చెబుతాను.

మొదలుపెట్టే ముందు

ఈ ఆటలు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు. చేయబోయిన పనిని మధ్యలో ఆపడం, ఒక నియమాన్ని గుర్తుపెట్టుకోవడం, కావాలనిపించినదాని కోసం కాసేపు తమాయించుకోవడం, ఇవన్నీ మెదడు ముందుభాగం చేసే పనులు. అవి వేగంగా పెరిగేది ఈ వయసులోనే. రెండేళ్ల పిల్ల ఒక చరణం కూడా కాదు, ఒక చిన్న వాక్యం పాడేంతసేపు ఆగినా గొప్పే. అయిదేళ్ల పిల్లాడు ఒక పాటంతా ఆగగలడు, కానీ జ్వరం వచ్చి తగ్గిన వారంలో మళ్లీ మూడేళ్లవాడైపోతాడు. కాబట్టి పక్కింటి పిల్లలతో పోల్చకండి, నిన్నటితో కూడా పోల్చకండి.

సామాను కోసం దుకాణానికి వెళ్లక్కర్లేదు. ఒక స్టీలు గిన్నె, ఒక చెక్క గరిటె, పీచు గీకి అంచులు నున్నగా రుద్దిన రెండు కొబ్బరి చిప్పలు, మూత గట్టిగా బిగిసే చిన్న ప్లాస్టిక్ సీసాలో గుప్పెడు పెసలు. సీసా మూత చుట్టూ టేపు వేయడం మరిచిపోవద్దు. గింజలు బయటపడితే ముక్కులో పెట్టుకుంటారు, నోట్లో వేసుకుంటారు, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. గజ్జెలు వాడితే ఊడిపోయే మువ్వ ఏదైనా ఉందేమో ముందే లాగి చూడండి. పూజ దగ్గర చిన్న తాళాల జత ఉంటే ఇంకా మంచిది, దాని మోత చాలాసేపు నిలబడుతుంది కాబట్టి తర్వాత ఒక ఆటకు బాగా పనికొస్తుంది.

ఫోన్ పక్కన పెట్టండి. యూట్యూబ్ పాటలో బొమ్మ కళ్లను లాగేసుకుంటుంది, నచ్చకపోతే వేలితో ఒక్క తోపు తోస్తే ఇంకో పాట వస్తుంది. మనం నేర్పాలనుకుంటున్నదానికి అది సరిగ్గా ఎదురు. పైగా ఫోన్ పాట పిల్ల కోసం నెమ్మదించదు, ఆగదు. మీ గొంతు ఆగగలదు. "నాకు పాడటం రాదండీ" అని చాలామంది తల్లిదండ్రులు అంటారు. ఈ ఆటలకు శ్రుతి తప్పినా ఫరవాలేదు, లయ నిలబడితే చాలు. లయ కూడా తడబడితే గిన్నె మీద గరిటెతో కొట్టండి.

వేళ ముఖ్యం. ఆకలితో ఉన్న పిల్లకు, నిద్ర ముంచుకొస్తున్న పిల్లకు ఓపిక నేర్పడం కుదరని పని. సాయంత్రం పాలు తాగి, కాసేపు పరిగెత్తి వచ్చాక కూర్చోండి.

మొదటి ఆట: మోత ఆగితే బొమ్మ

అందరికీ తెలిసిన స్టాచ్యూ ఆటే ఇది, కాస్త జాగ్రత్తగా ఆడతాం.

1. గిన్నె మీద గరిటెతో సమంగా కొట్టండి. మోతకు తగ్గట్టు పిల్ల గదిలో నడవాలి.
2. మోత ఆపండి. పిల్ల ఎలా ఉంటే అలా బొమ్మలా నిలబడాలి.
3. మనసులో మూడు లెక్కపెట్టి మళ్లీ కొట్టండి.
4. రెండు మూడు రోజులు పోయాక ఆ మూడును అయిదు చేయండి, తర్వాత ఎనిమిది.

మొదట్లో మీరు కొట్టే వేగం పిల్ల వేగమే కావాలి. నాలుగేళ్ల పిల్లను నీకు నచ్చినట్టు కొట్టమని గిన్నె చేతికిస్తే మనకంటే గబగబా కొడుతుంది. అది తొందరపాటు కాదు, ఆ వయసు పిల్లలకు సహజంగా ఉండే లయే వేగం. ముందు ఆ వేగాన్ని పట్టుకుని, నాలుగైదు సార్లు ఆడాక కొంచెం కొంచెంగా నెమ్మదించండి. నెమ్మదిగా నడవడం పిల్లలకు పరిగెత్తడం కంటే కష్టం. అడుగుకీ అడుగుకీ మధ్య కాలు గాల్లో ఆపుకోవాలి, పడిపోకుండా చూసుకోవాలి. ఈ ఆట మొత్తంలో ఎక్కువ నేర్పేది ఆ నెమ్మది నడకే అని నా అభిప్రాయం.

ఆపినప్పుడు కదిలిన పిల్లను "అవుట్" అని పక్కన కూర్చోబెట్టకండి. బడుల్లో, పుట్టినరోజు పార్టీల్లో ఇలాగే చేస్తారు. ఆగడం ఎవరికి కష్టమో వాళ్లే మొదట అవుట్ అవుతారు, అంటే అభ్యాసం ఎక్కువ కావలసినవాళ్లకే తక్కువ దొరుకుతుంది. కదిలితే కదిలారు, నవ్వండి, మళ్లీ కొట్టండి.

ఇది అలవాటయ్యాక నియమం తిప్పండి: గట్టిగా కొడితే మెల్లగా నడవాలి, మెల్లగా కొడితే గబగబా నడవాలి. వినిపించిన దానికి కాళ్లు వెంటనే స్పందిస్తాయి, వాటిని ఆపి ఆలోచించి వేరేలా నడవాలి. అమెరికాలో బడికి వెళ్లబోయే వయసు పిల్లల స్వీయనియంత్రణ మీద పనిచేసే పరిశోధకులు సరిగ్గా ఇలాంటి ఆటలనే వాడతారు: సంకేతాన్ని బట్టి ఆగడం, తర్వాత అదే సంకేతానికి ఉల్టాగా చేయడం. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఈ రెండో అంచె వద్దు, గందరగోళపడతారు.

ఇక్కడ ఒక మాట. మోత ఆగినా ఆగని పిల్ల, వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడని పిల్ల, మాటలు ఆలస్యమవుతున్న పిల్ల ఉంటే అల్లరి అనుకుని వదిలేయకండి. ఒకసారి చెవుల పరీక్ష చేయించండి. వినపడక ఆగకపోవడం వేరు, వినీ ఆగలేకపోవడం వేరు.

రెండో ఆట: అమ్మమ్మలు ఆడించినవే

వంతు కోసం ఎదురుచూడటం నేర్పే ఆటలు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. కొత్తవి వెతికే ముందు వీటిని బయటకు తీయండి. పాట గుర్తులేకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఊరికొక పాఠం ఉంటుంది, మీ ఇంట్లోదే సరైనది.

కాళ్లగజ్జ: అందరూ కాళ్లు బారచాపి వరసగా కూర్చుంటారు. ఒకరు పాట పాడుతూ ఒక్కో మాటకు ఒక్కో కాలు తాకుతూ పోతారు. పాట ఏ కాలి దగ్గర ముగిస్తే ఆ కాలు ముడవాలి. మళ్లీ పాట మొదలు. పిల్ల కళ్లు ఆ చేతినే చూస్తుంటాయి: వస్తోంది, వస్తోంది, నాది దాటిపోయింది, మళ్లీ వస్తోంది. ఆగడమనే పని తను చేస్తున్నట్టు పిల్లకు తెలియదు. ఇంట్లో ముగ్గురే ఉన్నా ఆరు కాళ్లుంటాయి, ఆటకు చాలు. రెండు కాళ్లూ ముడిచినవాళ్లను ఊరికే కూర్చోబెట్టకుండా తర్వాతి పాటకు కాళ్లు తాకే పని ఇవ్వండి.

గుడుగుడు గుంచం: పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చి ఆడేది. కింద ఉన్న పిడికిలి పాట అయ్యేదాకా కదలకూడదు, కదిలితే మొత్తం కూలుతుంది. మూడేళ్ల పిల్ల చేతిని మొదట్లో అన్నిటికంటే పైన పెట్టండి. తర్వాత నడుమకు, ఆ తర్వాత అడుగుకు తేవచ్చు. అడుగున చేయి పెట్టి ఆగడం అన్నిటికంటే కష్టం.

దాగుడుమూతలు: కళ్లు మూసిన పిల్ల ఆ పాట అయ్యేదాకా కళ్లు తెరవకూడదు. దాక్కున్నవాళ్లు "గప్‌చిప్" తర్వాత కిక్కురుమనకూడదు. రెండు పక్కలా ఆగడమే. ఈ పాటను రోజుకు కాస్త నెమ్మదిగా పాడుతూ పొండి, అంతే, ఆట దానంతటదే కష్టమవుతుంది.

మూడో ఆట: నేనయ్యాక నువ్వు

ఎదురెదురుగా కూర్చోండి. మీరు "తకిట" అంటూ మూడు చప్పట్లు కొట్టండి, పిల్ల తిరిగి కొట్టాలి. తర్వాత "తకధిమి", నాలుగు. అయిదేళ్లవాళ్లకు "తకతకిట", అయిదు. నోటితో అంటూ చేత్తో కొడితేనే లెక్క నిలుస్తుంది.

చాలామంది పిల్లలు మీరు ముగించకముందే మొదలుపెట్టేస్తారు. మందలించకండి. వినేటప్పుడు రెండు చేతులూ ఒడిలో పెట్టుకోవాలని ఒక నియమం పెట్టండి. మీ వంతు అయ్యాక మీ చేతులు మీ ఒడిలోకి వెళ్తాయి, అది చూసి పిల్ల చేతులు పైకి లేస్తాయి. "నీ వంతు" అని నోటితో చెప్పొద్దు, చూసి పట్టుకోనివ్వండి. ఇది కుదిరాక మధ్యలో ఒక ఖాళీ పెట్టండి: మీరు కొట్టాక ఇద్దరూ ఒక్క లెక్క మౌనంగా ఊపిరి పీల్చుకుని, అప్పుడు పిల్ల కొట్టాలి. ఆ ఒక్క ఊపిరి కోసమే ఈ ఆట.

దూరాన ఉన్న తాతయ్య, నానమ్మలతో వీడియో కాల్‌లో ఆడటానికి కూడా ఇదే తగినది. కాల్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అటూ ఇటూ కలిసి పాడదామంటే ఎప్పటికీ కలవదు. ఒకరు ముగించాక ఇంకొకరు కొట్టే ఆటకు ఆ ఆలస్యం అడ్డం కాదు. డాలస్‌లో ఉన్న మనవరాలు గుంటూరు నానమ్మ చప్పట్ల కోసం చెవులు రిక్కించి ఆగాలి, అంతకంటే మంచి అభ్యాసం ఏముంటుంది?

నాలుగో ఆట: లోపల పాడే పాట

పిల్లకు నిద్రలో కూడా వచ్చిన పాట ఒకటి తీసుకోండి. మొదటిసారి మొత్తం పాడండి. రెండోసారి ప్రతి పాదం చివరి మాట పాడకుండా, దాని బదులు ఒక చప్పట కొట్టండి. మూడోసారి చప్పట కూడా వద్దు, ఆ మాట మనసులోనే పాడుకోవాలి, బయటకు మౌనం. తర్వాత పాదం మొత్తం లోపలే పాడుకుని, తర్వాతి పాదం పైకి పాడాలి. ఇద్దరూ ఒకేసారి పైకి వచ్చారా లేదా అన్నదే ఆటలో మజా. హంగరీ సంగీతకారుడు జోల్తాన్ కొదాయ్ పేరుతో నడిచే బోధన పద్ధతిలో ఈ లోపలి వినికిడికి చాలా విలువ ఇస్తారు, చిన్న తరగతుల్లోనే ఇలాంటి ఆటలతో మొదలుపెడతారు.

నాలుగేళ్ల పిల్లలు మౌనంలో పెదవులు కదుపుతారు, తల ఊపుతారు. కదపనివ్వండి. ఆగినంతసేపూ పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, వాళ్లు దాన్ని తామే వెతుక్కుంటున్నారు.

అయిదో ఆట: ఎనిమిదికి ఒక్క మోత

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కర్ణాటక సంగీతంలో ఎక్కువగా వినిపించే ఆది తాళానికి ఎనిమిది లెక్కలు. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు వరుసగా లెక్క, దీంతో నాలుగు. మళ్లీ దెబ్బ, అరచేయి వెల్లకిలా తిప్పడం. ఇంకోసారి దెబ్బ, తిప్పడం. మొత్తం ఎనిమిది. సంగీతం రాని ఇంట్లో కూడా ఒక సాయంత్రంలో ఇది నేర్చుకోవచ్చు. పిల్లకు ఉంగరపువేలు విడిగా లేవకపోతే బొటనవేలితో తాకితే చాలు.

చేతికి తాళం పట్టాక, చిన్న తాళాల జత పిల్లకు ఇవ్వండి. లేకపోతే స్టీలు గ్లాసు మీద చెంచా. నియమం: మీరు తొడ మీద తాళం వేస్తుంటే, పిల్ల మొదటి లెక్కకు మాత్రమే మోగించాలి. మిగతా ఏడు లెక్కలూ చేతిలో తాళాలు ఉన్నా ఊరుకోవాలి.

చేతిలో మోగే వస్తువు ఉండి మోగించకుండా ఉండటం నాలుగేళ్ల పిల్లకు ఎంత కష్టమో ఒకసారి ఆడి చూస్తే తెలుస్తుంది. మొదటిరోజు మూడో లెక్కకే మోగుతుంది, అయిదుకు మోగుతుంది, రెండుసార్లు మోగుతుంది. ఆపకండి, సరిదిద్దకండి, మీ చేయి తాళం వేస్తూనే ఉండాలి. ఏడో లెక్క దగ్గర కనుబొమలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, రాబోతోందన్నట్టు పిల్ల వైపు చూడండి. మాట సాయం కంటే ఈ చూపు సాయం మంచిది. కొన్నాళ్లకు పిల్లే ఏడో లెక్కకు మీ ముఖం చూడటం మొదలుపెడుతుంది, ఇంకొన్నాళ్లకు చూడకుండానే ఒకటికి సరిగ్గా మోగిస్తుంది.

మోగించాక ఇంకో పని ఇవ్వండి: ఆ నాదం పూర్తిగా వినిపించకుండా పోయేదాకా వినాలి, పోయిందనిపించగానే చేయి ఎత్తాలి. గదిలో ఫ్యాన్ ఆపి ఆడండి. ఎంత అల్లరి పిల్లలైనా ఈ ఒక్క పనికి నిశ్శబ్దమైపోవడం నేను చూస్తూనే ఉంటాను.

తర్వాతి మెట్లు ఇలా పెంచండి. ఎనిమిది లెక్కలు ఒక చుట్టు అయితే అది ఒక ఆవర్తం; రెండు ఆవర్తాలకు ఒకసారి మోగించడం, అంటే పదిహేను లెక్కలు ఆగడం. ఆ తర్వాత అదే తాళాన్ని సగం వేగంతో వేయడం. ఇద్దరు పిల్లలుంటే ఒకరికి మొదటి లెక్క, ఇంకొకరికి అయిదో లెక్క ఇవ్వండి. ఎవరిది వాళ్లే మోగించాలి, ఎదుటివాళ్ల మోతకు తమ చేయి కదలకూడదు. ఆరేళ్ల పిల్లలకు కూడా ఇది సవాలే.

ఒక వాయిద్యం, ఇద్దరు పిల్లలు

ఇంట్లో అసలు గొడవ ఇక్కడే. తాళాలు ఒకటే జత, అక్కకూ తమ్ముడికీ ఇద్దరికీ కావాలి. "ఇద్దరూ పంచుకోండి" అంటే ఏమీ తేలదు. పాటనే గడువుగా పెట్టండి: ఈ పాట అయ్యేదాకా అక్క దగ్గర, తర్వాత ఇదే పాట తమ్ముడి దగ్గర. వాయిద్యం లేని పిల్లను ఊరికే కూర్చోబెట్టకండి, తాళం వేయమనండి, లేదా పాడించండి. వట్టి చేతులతో చూస్తూ కూర్చుంటే లాక్కోవాలనిపించడం సహజం.

ఇందులో పెద్దవాళ్లు తప్పకూడని షరతు ఒకటుంది. పాట అయిపోగానే వాయిద్యం చేయి మారాలి. "అక్క బాగా వాయిస్తోంది, ఇంకొక్కసారి" అనకూడదు. ఏడుస్తున్నాడని మధ్యలో ఇచ్చేయకూడదు. మనం ఎన్నిసార్లు మాట నిలబెట్టుకుంటే పిల్లలు అంతసేపు ఆగుతారు.

దీనికి మంచి ఆధారం ఉంది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ఒక ప్రయోగం ప్రచురించారు. పిల్లలకు ముందు మంచి రంగులు తెచ్చిస్తామని చెప్పారు. కొందరికి చెప్పినట్టే తెచ్చిచ్చారు, కొందరికి "లేవు, క్షమించు" అన్నారు. తర్వాత రెండు గుంపుల్లోని ప్రతి పిల్ల ముందూ ఒక మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలు. ఆ మూడు నిమిషాల పిల్లలకు ఓపిక తక్కువని అనలేం. ఆగినా దక్కదని వాళ్లకు అప్పుడే అనుభవమైంది.

ఈ మిఠాయి పరీక్షను మొదట స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో మొదలుపెట్టారు. ఎక్కువసేపు ఆగిన పిల్లలు మిఠాయి వైపు చూడకుండా ముఖం తిప్పుకున్నారు, కళ్లు మూసుకున్నారు, తమలో తాము పాటలు పాడుకున్నారు. చిన్నప్పుడు అలా ఆగినవాళ్లే పెద్దయ్యాక బాగుపడతారని తర్వాత చాలా ప్రచారం జరిగింది. 2018లో ఎక్కువమంది పిల్లలతో చేసిన అధ్యయనంలో, ఇంటి ఆర్థిక పరిస్థితి వంటివి లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలా బలహీనంగా కనిపించింది. కాబట్టి ఇంట్లో లడ్డూ పెట్టి పిల్లను పరీక్షించే పని పెట్టుకోవద్దు. అందులో మనకు పనికొచ్చేది ఆ పిల్లలు పాడుకున్నారన్న సంగతి.

రోజువారీ పనుల్లోకి

ఆటలో వచ్చిన ఓపిక తనంతట తాను భోజనాల దగ్గరికి రాదు, మనం తీసుకురావాలి. అది కూడా ఆటలు బాగా అలవాటయ్యాకే.

వేడి అన్నం: "ఈ పాట రెండుసార్లు పాడితే చల్లారుతుంది" అని కలిసి పాడండి. రెండోసారి అయ్యేసరికి నిజంగా చల్లారి ఉండాలి, కాబట్టి పళ్లెంలో పలచగా పరిచి పెట్టండి.

కుక్కర్: పప్పుకు మూడు విజిల్స్ రావాలి. పిల్ల హాల్లోనే ఉండాలి, వంటగదిలోకి రాకూడదు. విజిల్ వచ్చినప్పుడల్లా కొబ్బరి చిప్పలు ఒకసారి కొట్టాలి. మొదటి విజిల్‌కు చాలాసేపు పడుతుంది, లోపల ఆవిరి నిండాలి కాబట్టి. తర్వాతివి త్వరగా వస్తాయి. ఆ మొదటి విజిల్‌దాకా పాటలు అందుకోండి, ఎన్ని పాటలకు వచ్చిందో లెక్కపెట్టండి. మరుసటి రోజు "నిన్న నాలుగు పాటలకు వచ్చింది, ఇవాళ?" అని పిల్లే అడుగుతుంది.

బస్ స్టాప్, ఆసుపత్రి వరండా, కరెంటు పోయిన రాత్రి: వేళ్ల మీద ఆది తాళం. పక్కవాళ్లకు ఇబ్బంది లేదు, సామాను అక్కర్లేదు.

పిల్ల అప్పటికే నేలమీద పడి ఏడుస్తుంటే పాట అందుకోకండి. ఆ సమయంలో పాట ఎగతాళిలా వినిపిస్తుంది. ముందు దగ్గరకు తీసుకోండి, శాంతించాక చూద్దాం. అలాగే "నోరు మూసుకుని కూర్చో" అనడానికి బదులుగా మౌనం ఆటను వాడకండి. శిక్షగా మారిన ఆటను పిల్ల మళ్లీ ముట్టదు.

నలుగురు పిల్లలు కలిసినప్పుడు

సెలవుల్లో చుట్టాల పిల్లలు చేరితే కోలాటం ఆడించండి. కర్ర కోలలు వద్దు. దినపత్రిక కాగితాలు గట్టిగా చుట్టి టేపు వేస్తే చాలు, తగిలినా దెబ్బ కాదు. జతలుగా నిలబెట్టి, మూడు లెక్కలకు తన కోలలు తానే కొట్టుకోవాలి, నాలుగో లెక్కకు ఎదుటివాళ్ల కోలకు తాకించాలి అని చెప్పండి. తొందరపడితే కోల గాల్లో తిరుగుతుంది, ఆలస్యమైతే ఎదుటివాళ్లది తిరుగుతుంది. ఎవరూ తిట్టక్కర్లేకుండా కోలే చెబుతుంది.

తెలంగాణలో ఉన్నవాళ్లు బతుకమ్మ తొమ్మిది రోజులనూ వదులుకోవద్దు. పిల్లలు పెద్దవాళ్ల మధ్య నిలబడి, వంగి చప్పట్లు కొడుతూ, ఒక్కో అడుగు వేస్తూ వలయంలో తిరుగుతారు. వలయంలో ఎవరూ ముందుకు ఉరకలేరు. నిమజ్జనం అయ్యాకే సత్తుపిండి, మలీద చేతిలో పడతాయి. అంతసేపు ఆడిన పిల్లలు ఆ ప్రసాదం కోసం అరచేయి చాచి వరసలో నిలబడటం చూస్తే, పాట ఎంతసేపు ఆపగలదో తెలుస్తుంది.

ఆటను పిల్ల చేతికి ఇవ్వడం

ప్రతి ఆటా బాగా వచ్చాక గరిటె పిల్ల చేతికి ఇవ్వండి. ఇప్పుడు మోత పిల్లది, బొమ్మలా నిలబడాల్సింది మీరు. నిజంగానే కదలకండి, ఒంటికాలి మీద ఆపితే ఒంటికాలి మీదే ఉండండి. కొందరు పిల్లలు గరిటె ఎత్తి, మీ ముఖం చూస్తూ, నవ్వాపుకుంటూ, ఎంతకీ కొట్టరు. ఆ గరిటె గాల్లో ఉన్నంతసేపూ ఆగుతున్నది మీరొక్కరే కాదు, తనూ ఆగుతోంది. అలా సొంతంగా మౌనాన్ని సాగదీయడం మొదలుపెట్టిందంటే ఆ ఆటలో ఇక పొడిగించాల్సిందేమీ లేదు, తర్వాతిదానికి వెళ్లవచ్చు. ఆట మారేటప్పుడు పాతదాన్ని ఒక్కసారిగా ఆపేయకుండా, కొత్తది మొదలుపెట్టే ముందు పాతది ఒకసారి పిల్ల ఆడించేలా చూడండి. వారంలో ఒకరోజు ఏ ఆట కావాలో పిల్లనే ఎంచుకోనివ్వండి. వరసగా మూడు వారాలు కాళ్లగజ్జే కావాలంటే అదే ఆడండి.